డెత్ మెటల్ – బ్లాక్ మెటల్: ఒక ఋణవిచారము

ఎన్నూరు మొదలుకొని రాయపురము వఱకు వ్యాపించిన ఉత్తర చెన్నపట్టణపు శ్రామికవాడలలో మరణగానా అనునొక పాట కలదు. మృతదేహము చెంత డోలకుతోనో, డప్పుతోనో, అవి లేనిచో బల్లపై చేతిదరువుతోనో దానిని పాడుదురు. గానా సినిమాలోనికి ప్రవేశించినపుడు శోకమును విడిచి ఉత్సాహమును దాల్చినది. దరువు మాత్రము వెంట వచ్చినది. ఒక గానశాఖనుండి వేఱొక శాఖ పుట్టునపుడు ఏది పోవును, ఏది నిలుచును అను ప్రశ్నకు ఈ ప్రాంతమువారికి ఉదాహరణము ఇంటి ముంగిటనే యున్నది. పాశ్చాత్య సంగీతమున డెత్ మెటల్, బ్లాక్ మెటల్ అను శాఖల విషయమున అదే ప్రశ్న మఱింత తీవ్రముగ నెదురగును. ఏలయనగా, అచట పుట్టిన శాఖ తన పుట్టుకనే కాదనినది.

ఈ రెండును హెవీ మెటల్ సంతతిలోనివి. 1982లో ఇంగ్లండునందలి వెనమ్ బృందము ‘బ్లాక్ మెటల్’ అను పేర ఒక ఆల్బమును వెలువరించినది. పేరు నాటిదే; రూపము పిమ్మట ఏర్పడినది. స్వీడనునందు బాతొరీ, స్విట్జర్లండునందు హెల్‌హామర్ ఆ మార్గమును ఇంకను కర్కశము గావించినవి. డెత్ మెటల్ ముఖ్యముగ అమెరికాలో రూపొందినది. కాలిఫోర్నియాకు చెందిన పొసెస్డ్ 1985లో ‘సెవెన్ చర్చెస్’ను, ఫ్లారిడా బృందములైన డెత్ 1987లో ‘స్క్రీమ్ బ్లడీ గోర్’ను, మార్బిడ్ ఏంజెల్ 1989లో ‘ఆల్టర్స్ ఆఫ్ మ్యాడ్‌నెస్’ను వెలువరించినవి.

1991 ప్రాంతమున నార్వే యువకులు కొందఱు డెత్ మెటల్‌ను తిరస్కరించి, తాము వెనమ్, బాతొరీల వారసులమని చాటిరి. పలువురు శ్రోతలు ఆ ప్రకటననే చరిత్రగా స్వీకరించిరి. అది పరీక్షకు నిలుచునా యన్నది విచార్యము.

మొదట వ్యక్తులను చూడవలెను. ఇమ్మోర్టల్‌ను స్థాపించిన అబాథ్, డెమొనాజ్‌లు అంతకుముందు ఓల్డ్ ఫ్యునరల్ అను డెత్ మెటల్ బృందమువారు. ఎంపరర్‌కు మూలపురుషులైన ఇసాన్, సామథ్‌లు థౌ షాల్ట్ సఫర్‌లో ఆ విద్యనే అభ్యసించిరి. ఎన్‌స్లేవ్డ్ ఫోబియానుండి పుట్టినది. అన్నిటికంటె స్పష్టమైన సాక్ష్యము డార్క్‌త్రోన్. ఆ బృందము స్టాక్‌హోమ్‌లోని సన్‌లైట్ స్టూడియోలో ముద్రించి 1991లో వెలువరించిన ‘సోల్‌సైడ్ జర్నీ’ నిస్సంశయముగ డెత్ మెటల్. మఱుసటి సంవత్సరమే ‘ఎ బ్లేజ్ ఇన్ ది నార్దర్న్ స్కై’తో బ్లాక్ మెటల్ ప్రవేశించినది. ఈ మార్పు రుచింపక బాస్ వాదకుడు దాగ్ నీల్సెన్ బృందమును వీడెను. ఐనను శ్రద్ధగ విన్నవారికి ఆ రెండవ ఆల్బమునందు డెత్ మెటల్ స్వరఖండికలు, మలుపులు పలుచోట్ల వినవచ్చును.

ఇచట ఒక ఆక్షేపము కలదు. రెండు శాఖలకును వెనమ్, హెల్‌హామర్‌లే పూర్వులైనపుడు, వానిలోని పోలికలు తాతనుండి వచ్చినవి కావచ్చును గదా! ఆక్షేపము బలమైనదే. కాని డ్రమ్ములపై ఎడతెగని దెబ్బలతో సాగు బ్లాస్ట్ బీట్ అను దరువు వెనమ్ రచనలకు లక్షణము కాదు. అది నేపామ్ డెత్ వంటి గ్రైండ్‌కోర్ బృందములయందును, బ్రెజిల్‌కు చెందిన సార్కొఫాగో 1987 నాటి ‘ఐ.ఎన్.ఆర్.ఐ.’యందును, మార్బిడ్ ఏంజెల్ వాదకుడు పీట్ సాండొవల్ చేతియందును పదునెక్కినది. బ్లాక్ మెటల్ ఆ పదునును సిద్ధముగ నందుకొన్నది. తాత యింట లేని సొమ్ము మనుమని చేత నున్నచో, దానికి వేఱు దాత నంగీకరింపక తప్పదు.

అంతకంటె సూక్ష్మమైన ఋణము తిరస్కారమునందే కలదు. డెత్ మెటల్ గొంతు లోతైన గుర్రుపాటు. బ్లాక్ మెటల్ గొంతు సన్నని కీచు. అచట శ్రుతి దించిన గిటార్ల బరువైన నాదము, ఇచట పలుచని గరగర. అచట స్టూడియో మెఱుగు, ఇచట బుద్ధిపూర్వకమైన మొఱటుదనము. అచట దేహము, దాని క్షయము వస్తువు. ఇచట శీతము, అరణ్యము, దేవద్రోహము. అచట నిత్యపు దుస్తులు, ఇచట తెలుపు నలుపుల ముఖలేపనము. ఇట్లు ప్రత్యంశమును తలక్రిందు చేయుటకు మూలప్రతి ఎదుట నుండవలెను. ఎఱుగనిదానిని ఎవ్వరును ఇంత నేర్పుతో కాదనజాలరు.

తెలుగు సాహిత్యమున నిట్టిదే జరిగినది. 1928లో ‘ప్రభవ’ను వెలువరించిన శ్రీశ్రీ భావకవితా ప్రభావమున నున్నవాడు. 1950లో గ్రంథరూపము దాల్చిన ‘మహాప్రస్థానము’ ఆ లోకమును త్రోసిపుచ్చినది. అయినను భావకవులు పండించిన మాత్రాఛందస్సుల లయ దానియందు క్రొత్త బలముతో మ్రోగినది. ఆ ఋణమును గుర్తించుటచే శ్రీశ్రీ ఘనత తగ్గలేదు సరికదా, ఎంత దూరము నడిచెనో తెలియవచ్చినది.

శుద్ధివాదము కేవలము పండిత చర్చ కాదు. నార్వేలో ‘నిజమైనవారు’, ‘కల్తీవారు’ అను విభజనము తీవ్రమైన ఆ దినములలోనే, 1992లో బెర్గెన్ చెంతనున్న ఫాన్‌టాఫ్ట్ కొయ్య చర్చి దగ్ధమైనది. 1993 ఆగస్టులో మేహెమ్ గిటార్ వాదకుడు యురోనిమస్ హతుడయ్యెను. బర్జమ్ స్థాపకుడు వర్గ్ వికెర్నెస్ హంతకుడని 1994లో న్యాయస్థానము నిర్ణయించెను. ఆ నేరములకు శాఖ యంతయు బాధ్యత వహింపదు. వానినే చూచి సంగీతమును వినకపోవుట యొక పొరపాటు. సంగీతముపై మోజుచే వానిని వీరగాథలుగ చెప్పుకొనుట మఱింత పొరపాటు.

2009లో స్వీడనుకు చెందిన ఓపెత్ ఇదే చెన్నపట్టణమున, మద్రాసు ఐ.ఐ.టి.వారి సారంగ్ ఉత్సవమున వాయించినది. 1995 నాటి ‘ఆర్కిడ్’ మొదలుకొని ఆ బృందముయొక్క తొలి రచనలలో డెత్ మెటల్ గుర్రుపాటు, బ్లాక్ మెటల్ శీతలస్వరము ఒకే పాటలో పొరుగిండ్లవలె నున్నవి. వైరము ప్రకటనలలో నుండినది. చెవి దానిని పాటింపలేదు. కావున ఏ శాఖనైనను పరీక్షించువారు అది తన్నుగూర్చి చెప్పుకొనుమాటను వినియు, పిమ్మట దాని దరువును వినవలెను. మాట మఱచిన పూర్వులను దరువు మఱవదు.