గుండ్లకమ్మయు బ్రహ్మకుండియు: నామార్థవిచారము

నల్లమలలో గుండ్లబ్రహ్మేశ్వరముచెంతఁ బుట్టి, కంభము చెఱువును నింపి, మార్కాపురప్రాంతమును దాఁటి, అద్దంకి సమీపమునఁ బాఱి, బంగాళాఖాతమునఁ గలయు నేటికి గుండ్లకమ్మ యని లోకవ్యవహారము. దానికే బ్రహ్మకుండి యనియుఁ బేరు గలదు. "గుండ్లకమ్మ గుండ్లకమ్మయే" యనిన వినువానికిఁ గ్రొత్తగాఁ దెలియున దేమియు లేదు. "బ్రహ్మకుండి గుండ్లకమ్మయే" యనినచో, బ్రహ్మకుండిని గ్రంథములలో మాత్రమే యెఱిఁగిన పండితుఁ డులికిపడి, తాను జిన్ననాఁట నీఁదిన యేఱే యది యని తెలిసికొనును. రెండు వాక్యములును జెప్పు వస్తు వొక్కటియే. జ్ఞానమున నింత భేద మేల?

ఈ ప్రశ్నమునే జర్మనీదేశమున యేనా విశ్వవిద్యాలయ గణితాచార్యుఁడు గొట్లోబ్ ఫ్రేగె 1892లో విచారించెను. వేకువఁ గానవచ్చు చుక్కయు, సందెవేళఁ గానవచ్చు చుక్కయు శుక్రగ్రహమే యని తెలియుట జ్యోతిశ్శాస్త్రఫలము, శబ్దజ్ఞానఫలము గాదు. కావున నామమునకు నిర్దేశ్యవస్తు వొకటి, ఆ వస్తువు బుద్ధికిఁ దోఁచు ప్రకార మొకటి యని యాతఁడు విభజించెను. 1914 నాఁటి యొక లేఖలో, ఉత్తరమునుండి యొకఁడును దక్షిణమునుండి యొకఁడును జూచి వేఱువేఱు పేరుల నెఱిఁగిన పర్వత మొక్కటియే యని పిదపఁ దేలిన కల్పితోదాహరణమును జూపెను. కొండకు బదు లేటిని జెప్పుకొన్నచో గుండ్లకమ్మ కథయు నదియే.

ఫ్రేగె చెప్పిన ప్రకారము మన శాస్త్రములలోని ప్రవృత్తినిమిత్తమే యని త్వరపడి యనుటకు వీలున్నది. యౌగికశబ్దములయెడ నీ పోలిక కొంతవఱకుఁ గుదురును. కేశవ దామోదర పద్మనాభ శబ్దముల నమరసింహుఁడు విష్ణునామములలోఁ జేర్చెను. వస్తు వొకటే, నిమిత్తములు వేఱు. పాఠశాలలలోఁ బర్యాయపదము లన్నియు సమానార్థకములని చెప్పుట యిందుచేతనే యల్పదోషము గాదు. కాని పతంజలి మహాభాష్యమున జాతి గుణ క్రియాశబ్దములతోడ యదృచ్ఛాశబ్దములనుగూడఁ జెప్పెను. ఊరిపేరులు వ్యవహారమున నా కోవలోనివే. మారిక యను స్త్రీవలన మార్కాపురమునకుఁ బేరు వచ్చెనని స్థలకథ. గిద్దలూరినుండి పలకలు కొనఁబోవు వర్తకుఁడు మారిక నెఱుఁగఁడు. అయినను మఱియొక యూరికిఁ బోఁడు. వ్యుత్పత్తి తెలియకున్నను నామము తన పని తాను జేయుచునే యున్నది.

చెన్నకేశవనామము బ్రహ్మకుండికి విపరీతము. మార్కాపురమునను జెన్నకేశవుఁడే, పల్నాటి మాచర్లయందును జెన్నకేశవుఁడే. వ్యుత్పత్తి యొకటి, తత్త్వదృష్టిని విష్ణు వొక్కఁడే. కాని "చెన్నకేశవునకుఁ బొలము" అను దానవాక్యమున నేయూరి దేవుఁడో తెలియనిచోఁ బొలమునకు భోక్త దొరకఁడు. ఇందు నిర్దేశ్యమును నిర్ణయించునది శబ్దము గాదు. శిల నిలిచిన చోటును, దానిలోఁ జెప్పిన పొలిమేరలును.

వర్ణనమే నామార్థ మను మతమును సౌల్ క్రిప్కె 1970లో ప్రిన్స్టన్ ఉపన్యాసములయందు ఖండించెను. కంభము చెఱువును శ్రీకృష్ణదేవరాయల దేవి, గజపతిపుత్రి వరదరాజమ్మ కట్టించెనని ప్రతీతి. అది తప్పని రేపు తేలినను ఆ చెఱువు కంభము చెఱువు గాకపోదు. ఆ 1970లోనే మార్కాపురము, గిద్దలూరు ప్రాంతములు కర్నూలు జిల్లానుండి క్రొత్తగా నేర్పడిన ఒంగోలు జిల్లాలోఁ జేరెను. 1972లో దానికిఁ బ్రకాశము పంతులుగారి పేరు పెట్టిరి. "కర్నూలు జిల్లాలోని మార్కాపుర" మను వర్ణన మబద్ధమయ్యెను; ఊరు జేనెడైనను గదలలేదు!

క్రిప్కె వాదము బలవత్తరమే. అయినను బ్రహ్మకుండియెడఁ బండితుని యులికిపాటు నది వివరింపఁజాలదు. అచ్చట ఫ్రేగెమతమే మేలు. శాసనపరిష్కర్తల కీ భేదము ముఖ్యము. కుండి, గుండ్ల యను ధ్వనిసామ్యమునే సాక్ష్యముగాఁ గొని, వస్తు వొక్కటియే కదా యని, మూలమున బ్రహ్మకుండి యున్నచోట గుండ్లకమ్మ యని దిద్దఁ దోఁచవచ్చును. కాని యైక్యము సాధింపవలసినది, ముందే సిద్ధమైనది గాదు. నదీగతియు, తీరగ్రామములును, శాసనోక్తములైన సరిహద్దులును దానికిఁ బ్రమాణములు. మూలపాఠమున బ్రహ్మకుండి నట్లే యుంచి, గుండ్లకమ్మను వివరణమునఁ జూపి, ఏ యాధారమున నట్లు నిర్ణయించిరో ప్రక్కనే వ్రాయవలెను.