స్ట్రేచీ లేఖయందలి ద్వీపవాసము

షేక్స్పియరు మహాకవి రచించిన 'టెంపెస్టు' నాటకమునకు మూలము లేవి యను చర్చ వచ్చినప్పుడెల్ల విలియం స్ట్రేచీ వ్రాసిన లేఖ పేరు తప్పక వినవచ్చును. 1610-వ సంవత్సరము జూలై 15-వ తేదీ వేసిన యీ లేఖ యొక కులీనస్త్రీ నుద్దేశించి వ్రాయఁబడినది. 1625-లోఁ బర్చసు ప్రకటించిన యాత్రాసంకలనమునఁ దొలుత నచ్చుపడినది. నాటకము 1611 నవంబరు 1-వ తేదీన రాజాస్థానమునఁ బ్రదర్శింపఁబడినది. కవి 1616-లోఁ బరమపదించెను. కావునఁ గవి యీ లేఖను జూచెనేని వ్రాతప్రతిగానే చూచియుండవలెను. 1808-లో మలోను పండితుఁడు నాటకమునకును బెర్ముడాదీవి యొద్ద జరిగిన నౌకాభంగమునకును గల సంబంధమును విమర్శించినది మొదలు నేఁటివఱకు నీ చర్చ సాగుచునే యున్నది. కవి లేఖను జూచెనని పెక్కండ్రును, జూడలేదని కొందఱును వాదించుచున్నారు. ఆ వివాదమును దీర్చుట యీ వ్యాసమునకు లక్ష్యము గాదు.

నేను జెప్పఁదలఁచినది వేఱు. మూలాన్వేషణమునందలి యభినివేశముచే విమర్శకు లీ లేఖలో నాటకమునకుఁ బనికివచ్చు భాగములను మాత్రము గైకొని తక్కినదానిని విడిచిపెట్టిరి. వారు చదువునది తుపానువర్ణనము, విడుచునది ద్వీపవాసము. తుపాను నాలుగుదినములలో ముగిసినది. ద్వీపవాసమో, తొమ్మిదినెలలకుఁ బైఁబడి సాగినది. ఈ లేఖకుఁ బ్రాణము రెండవభాగమే యనియు, వచనరచనయం దదియే మొదటిదానికంటె మేలైనదనియు నిరూపింపఁ బ్రయత్నించెదను.

కథ సంగ్రహముగా నిది. 1609 జూన్ 2-వ తేదీన వర్జీనియావలసకై తొమ్మిదినావలు ప్లిమతురేవు విడిచెను. వానిలో ముఖ్యమైనది 'సీ వెంచర్'. అందు గవర్నరు సర్ తామసు గేట్సును, నౌకాధిపతి సర్ జార్జి సామర్సును, కప్తాను న్యూపోర్టును, స్ట్రేచీయును నుండిరి. జూలై 24-వ తేదీన గాలివాన పట్టుకొనెను. ఓడకుఁ జిల్లులు పడెను. 28-వ తేదీన సామర్సు భూమిని జూచెను. ఓడ రెండు రాళ్లనడుమఁ జిక్కి నిలిచినది. రమారమి నూటయేఁబదిమంది ప్రాణములతో గట్టు చేరిరి. నావికులు పిశాచములదీవి యని భయపడుచుండిన బెర్ముడాయే యది.

తుపానువర్ణనమును విమర్శకులు మిక్కిలి మెచ్చిరి. భయానకరసము నందుఁ గలదనుట నిజము. కాని స్ట్రేచీ యచ్చట నలంకారములను విరివిగాఁ జల్లినాఁడు. ఆకాశము నరకమైనదనియు, భయమును జెప్ప మాటలు చాలవనియుఁ బలుమాఱు వ్రాసినాఁడు. మాటలు చాలవని పలుమాటలతోఁ జెప్పుట మనప్రబంధములలోను గల దోషమే. అతఁ డలంకారమును మాని పనిని జెప్పినచోట్ల రచన యుజ్జ్వలించుచున్నది. గవర్నరు జనులను మూఁడుభాగములు చేసి నీరు తోడింపఁగా, జన్మమున నెన్నఁడుఁ బనిచేసి యెఱుఁగని పెద్దమనుష్యులును వంతులు తీసికొనిరి. గవర్నరు తానును దప్పించుకొనలేదు. ఒకచోటి చిల్లును మూయుటకు గొడ్డుమాంసపు ముక్కలు కుక్కిరి. ఆ ముక్క లెన్నియో తా నెఱుఁగనని స్ట్రేచీ చెప్పును. ఆ యొక్కవాక్యమునఁ గలిగినంత భయము నరకోపమానమునఁ గలుగలేదు.

ఇట్టి గాలివానలు మన తూర్పుతీరమునకుఁ గొత్తవి కావు. 1839 నవంబరులోఁ గోరంగిని ముంచిన తుపానును బిడ్డింగ్టను దొర ప్రత్యేకముగాఁ బరిశోధించి వ్రాసెను. 1848-లో 'సైక్లోను' అను పదమును గల్పించినవాఁడు నాతఁడే. తీరవాసు లెల్ల రెఱిఁగిన దొకటి గలదు: గాలివాన కథ గాలి తగ్గినతోడనే ముగియదు, కప్పు, నీరు, తిండి యను మూఁడు ప్రశ్నలతోఁ దరువాతఁ బ్రారంభమగును. స్ట్రేచీయుఁ దన రెండవభాగము నచ్చటనే ప్రారంభించెను.

ముందుగాఁ గప్పు. ఆ దీవిలోఁ దాటిజాతి మ్రాను గలదు. దాని యా కొక్కటి యిటలీదేశపు గొడుగంత యుండుననియు, ఎంతవానలోనైన మనుష్యుని మేనెల్లఁ గాచుననియు నాతఁడు వ్రాసెను. ఆ యాకులతోనే గుడిసెలు కప్పుకొనిరి. దాని మొవ్వును దినిరి. ఇఁక నీరు. దీవిలో నదులు లేవు. గుంటలు త్రవ్వి నీరు పట్టుకొనిరి. తెచ్చిన విత్తులు చల్లఁగాఁ బదిదినములలో మొలిచినవి గాని యెదుగలేదు. సముద్రజలమును గాఁచి యుప్పు వండిరి. దేవదారుజాతి చెట్టుపండ్లతోఁ బానీయము చేసికొనిరి.

తిండినిగూర్చి వ్రాసినపట్టు లేఖకే మకుటాయమానము. మనకవులు ఋతువర్ణనమును బువ్వులతోఁ జేయుదురు. స్ట్రేచీ యాహారముతోఁ జేసినాఁడు. మొదట చేఁపలు, అడవిపందులు. ఓడకుక్క పందిని బట్టి నిలుపఁగా వేఁటకాండ్రు వచ్చి కట్టుచుండిరి. నవంబరు డిసెంబరు మాసముల చీఁకటిరాత్రులలో నొకజాతి సముద్రపక్షి విచిత్రముగాఁ గూయుచు వచ్చును. జనులు రాళ్లపై నిలిచి కేకలు వేసి నవ్వఁగా నా పక్షులు వారి చేతులమీఁదను దలలమీఁదను వ్రాలెడివఁట. చేతితోఁ దూఁచి బరువైనవానినే యుంచుకొని రెండుగంటలలో నిరువది డజన్లు పట్టెడివారు. దేవదారుపండ్లు తఱుఁగఁగాఁ బందులు చిక్కిపోయినవి. అప్పటికిఁ దాఁబేళ్లు వచ్చెను. ఒక తాఁబేలు పండ్రెండు పంక్తులకు, పంక్తికి నార్గురు చొప్పున, సరిపోయెను. అది చేఁపయో మాంసమో చెప్పలేమని స్ట్రేచీ సందేహించినాఁడు. ఒకటి తీఱునప్పటికి వేఱొకటి వచ్చు నీ క్రమమును జదువునపుడు మనకు నెలలు గడచిన ట్లనుభవమగును. ఇది కాలవర్ణనము, ఇందు సూర్యోదయ మొక్కటియైన నక్కఱలేకపోయినది.

అంతకంటె లోఁతైన దొకటి గలదు. ఆగస్టు సెప్టెంబరుల సంధియందు రేవెన్సు అనువాఁడు కొందఱితోఁ జిన్నపడవ నెక్కి వర్జీనియాకు వార్త తీసికొనిపోయెను. మరల వత్తునని మాట యిచ్చినందున గట్టున రాత్రులు మంటలు వేసి కనిపెట్టిరి. రెండుచంద్రులు గడచిపోయిరి, పడవ రాలేదు. స్ట్రేచీ దీనికి విలాపమును జేర్పలేదు. గాలివానలకాలమునఁ జిన్నపడవ నడిసంద్రమున కేఁగిన నేమగునో చదువరికిఁ జెప్పనక్కఱలేదు గదా.

ఇట్లే జననమరణములను జమాఖర్చువలె వ్రాసినాఁడు. నవంబరు 26-వ తేదీన సామర్సు వంటవాఁడు పావెలునకును ఎలిజబెత్తు పర్సన్సు అను పరిచారికకును వివాహము. ఫిబ్రవరి 11-వ తేదీన జాన్ రాల్ఫు కూఁతునకు బెర్ముడా యని నామకరణము. స్ట్రేచీ యా శిశువునకు ధర్మపిత. పిమ్మట మృతులను జెప్పునపుడు మువ్వురు పురుషుల పేళ్లు చెప్పి, తన ధర్మపుత్రి బెర్ముడా రాల్ఫని చేర్చి, నావికులలో నొకఁడు వేఱొకనిచేఁ జంపఁబడెనని ముగించును. 'తన' యనుమాట తప్ప మఱియొక శోకచిహ్నము లేదు. కరుణరసమునకు విభావానుభావముల విరివి యావశ్యకమని తలఁచువారీ పట్టును బరిశీలింపవలెను.

గుణముల జెప్పి దోషమును దాఁచరాదు. స్ట్రేచీ గవర్నరుపక్షమువాఁడు. దీవిలో మూఁడుమాఱులు తిరుగుబాటు పుట్టెను. అతఁడు మూఁటిని దుష్టత్వముగానే నిందించెను. హెన్రీ పెయిను తుపాకిచేఁ జంపఁబడినపుడు నాతనికి జాలి లేదు. అయినను స్టీఫెన్ హాప్కిన్సు వాదమును దాఁచలేదు. ఓడ మునిఁగినపుడే గవర్నరు నధికారము ముగిసినదనియు, ఇచ్చటఁ దిండికిఁ గొఱఁత లేదనియు, వర్జీనియాకుఁ బోయినఁ దిరిగి యిల్లు చేరుట కల్ల యనియు హాప్కిన్సు వాదించెను. అతనికి మరణశిక్ష విధించి తుదకు క్షమించిరి. ఖండింపఁదలఁచిన వాదమును బలహీనపఱుపక వ్రాయుట యుత్తమలేఖకుని లక్షణము. పైఁగా లేఖయందలి తిండిలెక్కయే హాప్కిన్సునకు సాక్ష్యము పలుకుచున్నది! 1610 మే 10-వ తేదీన దీవిలోఁ గట్టుకొన్న 'డెలివరెన్సు', 'పేషెన్సు' అను రెండునావలలో వారు బయలుదేరి జేమ్సుటౌను చేరినప్పటికి నచ్చట నాఁకలిచే జనులు నశింపఁగా నఱువదిమందిమాత్రమే మిగిలియుండిరి. రచయిత యెవనిపక్షమున నున్నను, చూచినది చూచినట్లు వ్రాసిన యెడల రచన సత్యముపక్షముననే నిలుచును.

ఇఁక నాటకమునకు వత్తము. కవి దీవిని మధ్యధరాసముద్రమునకు మార్చెను. బెర్ముడాపేరు నొక్కమాఱే పలికించెను. గాలివాన, వింతధ్వనులు, కుట్రలు నాటకమున వెలయుచున్నవి. నిత్యజీవనము మాత్రము రెండుమూఁడు చిహ్నములకుఁ దగ్గినది: కట్టెలు మోయుట, పండ్లు వేసిన నీరు. మంత్రవేత్త యున్నచోటఁ గప్పు నేయుట యెందుకు? నాటకమున కది యుచితమే. నేను దప్పుపట్టుట లేదు. కాని నాటకము విడిచినది లేఖయందుఁ దక్కువవిలువగలదని యెంచుటయే తప్పు. లేఖకుఁ బరిమితి నాటకము గాదు.

ముప్పదిరెండవ యుత్తరాక్షాంశముచెంత నున్న యా దీవిలో నేఁడును బరదేశీయు లుద్యోగములకై వచ్చి నివసించుచున్నారు. జూన్ మొదలు నవంబరువఱకు గాలివానలకాలము. నదులు లేని యాదీవిలో నేఁటికిని సున్నపుఁగప్పులమీఁదఁ బడిన వాననీటినే తొట్లలోఁ బట్టుకొందురు. కావునఁ గప్పు చెడిన నీరును జెడును. 2014 అక్టోబరులో 12-వ తేదీన 'ఫే', 17-వ తేదీన 'గొంజాలో' యను తుపానులు వరుసగాఁ దాఁకెను. ఆ యైదుదినముల యెడమున నా ప్రవాసులు తలఁచినది కప్పు, నీరు, తిండియే యని చెప్పుట కూహ యంతగా నక్కఱలేదు. స్ట్రేచీజనులు పట్టి తిన్న యా రాత్రిపక్షి మూఁడువందలయేండ్లు నశించినదని భావింపఁబడి 1951-లో మరలఁ గనఁబడినది. ఆ లేఖయందలి ద్వీపవాసమునుగూడ నట్లే విద్వాంసులు మరలఁ గనుఁగొందురు గాక.