గొడ్డలి సోకని అడవి: ఒక గ్రంథ విమర్శ

మానవజాతి ఒక్కసారిగా అంతరించిపోతే భూమి ఏమవుతుంది? అమెరికన్ రచయిత ఆలన్ వైస్‌మన్ 2007లో వెలువరించిన ‘ది వరల్డ్ వితౌట్ అస్’ అనే గ్రంథం ఈ ప్రశ్నను చర్చిస్తుంది. ఇందుకు ఆయన మొట్టమొదట మనకు చూపే చోటు పోలండ్, బెలారుస్ దేశాల సరిహద్దులోని బియలోవియెజా అడవి. ఒకప్పుడు ఐరోపా మైదానాలను కప్పిన ప్రాచీనారణ్యంలో మిగిలిన తునక అది.

ఈ ప్రకరణంలో మెచ్చదగినది ఎండిన చెట్లను గురించిన భాగం. పడిపోయిన మాను వ్యర్థమని మనం సామాన్యంగా అనుకుంటాము. కాని శిలీంధ్రాలు దానిని మెత్తబరుస్తవి. ఆ కొయ్యను పురుగులు తొలుస్తవి. పురుగులను వడ్రంగిపిట్టలు ఏరుకుంటవి. ఆ పిట్టలు విడిచిన తొర్రలలో ఇతర ప్రాణులు కాపురముంటవి. చివరకు సారమంతా మట్టిలో కలిసి కొత్త మొలకకు ఆహారమవుతుంది. మానును బండికెత్తితే ఈ గొలుసంతా తెగుతుంది.

అయితే గ్రంథానికి మూలమైన ఊహలోనే ఒక లోపమున్నది. మనిషి తొలగితే చాలును, ప్రకృతి తన్ను తాను చక్కదిద్దుకుంటుందన్న భావం పాఠకుని మనస్సులో నిలుస్తుంది. బియలోవియెజా చరిత్ర చెప్పేది వేరు. పోలండ్ రాజులు, తరువాత రష్యా చక్రవర్తులు తమ వేటకోసం కాపలా పెట్టినందువల్లనే అది మిగిలింది. రాజుల వేట సంగతి రచయితే పేర్కొన్నాడు గాని, దానినుంచి తేలే నీతిని విడిచిపెట్టినాడు. మొదటి ప్రపంచయుద్ధంలో కాపలా సడలగానే అక్కడి బైసన్లు, అనగా ఐరోపా అడవిదున్నలు, వేటగాళ్ళకు బలియైనవి. 1919లో చివరిది హతమైనది. జంతుప్రదర్శనశాలలలో మిగిలిన కొద్దింటి సంతతిని పెంచి 1952లో తిరిగి అడవిలో వదలవలసి వచ్చింది. 1921లో ఒక భాగాన్ని గొడ్డలి సోకని రక్షితప్రాంతంగా ఏర్పరచినది కూడ మనుషులే.

గ్రంథం వెలువడిన తరువాతి చరిత్ర కూడ ఇదే చెప్పుతున్నది. స్ప్రూస్ చెట్లకు బెరడుపురుగు పట్టిందన్న కారణంతో 2016లో పోలండ్ ప్రభుత్వం అక్కడి ఒక అటవీ విభాగంలో కొట్టివేతను దాదాపు మూడింతలు చేయుటకు అనుమతించింది. ఒకే జాతి చెట్లు నాటిన తోటలో ఈ వాదం చెల్లవచ్చు. బహుజాతుల ప్రాచీనారణ్యంలో ఆ పురుగు కూడ నివాసియే. అది చంపిన చెట్టు మరి పది జీవులకు ఇల్లు. కంచే చేను మేసిన ఈ సందర్భంలో పౌరులు యంత్రాలకు అడ్డంగా నిలిచారు. ఆ కొట్టివేత చట్టవిరుద్ధమని ఐరోపా న్యాయస్థానం 2018 ఏప్రిల్ 17న తీర్పు చెప్పింది.

అడవిని తాకకుండా విడిచిపెట్టుట కూడ ఒక పనియే. ప్రతి తరమూ మళ్ళీ పూనుకొని చేయవలసిన పని. ఈ మాట జ్ఞాపకముంచుకొని చదివేవారికి ఈ గ్రంథం ఎంతో మేలు చేస్తుంది.