నా రాతలో నీ చెయ్యి

కంప్యూటర్ నేర్పే ఏ క్లాసులోనైనా మొదటి వారం మౌస్‌తో కుస్తీ, రెండో వారం తెలుగు టైపింగ్. అక్కడిదాకా అందరూ బుద్ధిమంతులే. ఒకే పేజీ ఇచ్చి పదిమందినీ రాయమన్నప్పుడు మొదలవుతుంది అసలు గొడవ. గన్నవరంలో ఆదివారాలు పెద్దవాళ్లకీ కాలేజీ పిల్లలకీ కలిపి వెబ్ పాఠాలు చెబుతుంటాను. ఆ గొడవ కోసమే ఎదురుచూస్తుంటానంటే నమ్మండి.

టైపింగ్‌కీ ఓ కథ ఉందిలెండి. బెజవాడ ప్రెస్సుల్లో ఏళ్ల తరబడి అను ఫాంట్లలో పుస్తకాలకు పుస్తకాలు కొట్టిన డీటీపీ ఆపరేటర్ ఒకాయన మా క్లాసులో చేరాడు. ఆయన వేళ్ల వేగం చూసి పిల్లలు నోరు తెరిచారు. తీరా ఆ మేటర్ తెచ్చి వెబ్ పేజీలో పెడితే ఇంగ్లిషు అక్షరాలూ చుక్కలూ కలిసిన గజిబిజి. ఆ పాత ఫాంట్లు ఇంగ్లిషు అక్షరాల చోట్లలోనే తెలుగు బొమ్మలు కూర్చుకున్నవి. యూనికోడ్‌లో అలా కుదరదు, ప్రతి తెలుగు అక్షరానికీ సొంత నంబరు ఉంటుంది. విషయం తెలిశాక యూనికోడ్‌లో కొట్టడం నేర్చుకోవడానికి ఆయనకి రెండు పూటలు పట్టలేదు.

కలిసి రాయడం నేర్పడానికి గూగుల్ డాక్స్ చాలదా అంటారు కొందరు. అందులో మనతో రాసేవాళ్లు మనకు తెలిసినవాళ్లే. ముక్కూ మొహం తెలియనివాళ్లు మన వాక్యం మీద చెయ్యి వేస్తే ఎలా ఉంటుందో తెలియాలంటే తెలుగు వికీపీడియాకి వెళ్లాల్సిందే. 2003 డిసెంబరులో పుట్టిన ఆ సైట్‌లో ఇప్పుడు లక్ష పైచిలుకు వ్యాసాలున్నాయి. దాని పదేళ్ల పండుగ 2014 ఫిబ్రవరిలో మన విజయవాడలోనే, కేబీఎన్ కాలేజీలో జరిగింది.

మొదట అందరినీ ‘ప్రయోగశాల’లో వదులుతాను, ఏం రాసినా ఎవరికీ నష్టం లేని పేజీ అది. తర్వాత సొంత ఊరి పేజీ. గన్నవరానికి లింకు ఇవ్వమంటే కొందరు నేరుగా కోనసీమకి, అక్విడక్ట్ ఉన్న పి.గన్నవరానికి వెళ్లిపోతారు. అదీ పాఠమే.

మా బ్యాచ్‌లో రిటైరైన తెలుగు మాస్టారు ఒకరున్నారు. మన విమానాశ్రయం రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో మిలిటరీ స్థావరంగా ఉండేదని గన్నవరం పేజీలో చక్కటి వాక్యం చేర్చారు. టీ తాగి వచ్చేసరికి వాక్యం లేదు. ఎవరో తీసేసి, మూలం ఇవ్వమని ఒక ముక్క రాసిపెట్టారు.

“మూలం ఏంటండీ? మా నాన్న కళ్లారా చూశాడు!” అన్నారు మాస్టారు.

“మీ నాన్నగారు ఎక్కడైనా రాసి అచ్చు వేయించారా మాస్టారూ?” అంది కేసరపల్లి నుంచి వచ్చే డిగ్రీ అమ్మాయి. ఆయనకి కోపం వచ్చింది. వెంటనే ‘రద్దుచెయ్యి’ నొక్కబోయారు. ముందు ‘చరిత్ర’ చూడమన్నాను.

నాకు వికీలో అన్నిటికన్నా నచ్చేది ఆ పేజీ. ఎవరు, ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎన్ని బైట్లు చేర్చారో, ఎన్ని తీశారో మొత్తం అక్కడే ఉంటుంది. మాస్టారి చూపు ఆ అంకెల మీద నిలిచింది. తెలుగులో ఒక్క ‘క’ రాస్తే మూడు బైట్లు, ‘కా’ అయితే ఆరు, ‘స్త్రీ’ అంటే పద్దెనిమిది. లెక్క చెప్పగానే ఆయన కోపం సగం దిగింది. మిగతా సగం ‘చర్చ’ పేజీలో రాయించాను. రెండుసార్లు తుడిచి, మూడోసారి మర్యాదగా రాశారు. అవతలివాళ్లూ మర్యాదగానే జవాబిచ్చారు, అచ్చులో ఎక్కడ దొరికినా వాక్యం తిరిగి పెట్టండని. మాస్టారు ఇప్పుడు పాత పత్రికల వేటలో ఉన్నారు.

నన్నడిగితే ఈ కోర్సులో అసలు పరీక్ష ఆ చర్చ పేజీయే. బటన్లు ఎవరైనా నేర్పుతారు. తన వాక్యం పోయినా అలిగి వెళ్లిపోకుండా కూర్చోవడం నేర్పే కోర్సు ఎక్కడుంది?

నిలిచి అందుకునేవాళ్లు లేకపోతే పని ఏమవుతుందో మన ఉమ్మడి జిల్లా కథే చెబుతుంది. పెనుగంచిప్రోలులో పుట్టిన కొమర్రాజు లక్ష్మణరావుగారు 1915లో ‘ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం’ తొలి సంపుటం తెచ్చారు. మల్లంపల్లి సోమశేఖరశర్మ వంటివారు తోడున్నా బరువంతా ఆయన భుజాల మీదే. మూడు సంపుటాలు ‘అ’ అక్షరంలోనే ఉండగా 1923లో ఆయన పోయారు, పని ఆగింది. ఎలకుర్రు బిడ్డ కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు దాన్ని మళ్లీ ఎత్తుకున్నారు. 1938లో ఆయనా పోయారు. అంతటి పండితులకే మనిషితోపాటు పనీ ఆగిపోయింది. వికీలో ఒకరు వదిలిన చోట ఇంకొకరు అందుకోవచ్చు. అయితే అందుకునేవాళ్లు రావాలి, వచ్చినవాళ్లు గొడవపడైనా నిలవాలి.

ఈ వారం ఒకసారి మీ ఊరి పేజీ తెరిచి చూడండి. చెరువు పేరు తప్పుండవచ్చు, హైస్కూలు ఊసే ఉండకపోవచ్చు. ‘మార్చు’ నొక్కడానికి జంకైతే చర్చ పేజీలో ఒక్క వాక్యం రాయండి. చివర నాలుగు టిల్డెలు పెడితే మీ సంతకం దానంతటదే పడుతుంది. టిల్డె కోసం కీబోర్డులో ఒకటో అంకెకి ఎడమ పక్కనున్న మీటను షిఫ్ట్‌తో కలిపి నొక్కాలి.