విశేషణాలు కొట్టేసే చేయి

వికీపీడియాలో ప్రతి వ్యాసం వెనకా 'చరిత్ర' అని ఇంకో పేజీ ఉంటుంది. చదువరుల్లో చాలామంది అటువైపు పోరు. ఎవరు ఏ రోజున ఏ మాట చేర్చారో, ఏ మాట తీసేశారో అక్కడ వరసగా కనిపిస్తుంది. వ్యాసం ఎన్ని బైట్లు పెరిగిందో ఆకుపచ్చ అంకెల్లో, ఎన్ని తగ్గిందో ఎర్ర అంకెల్లో చూపిస్తుంది. పాత కూర్పునూ కొత్త కూర్పునూ పక్కపక్కన పెట్టుకుని తేడా చూసుకోవచ్చు. అచ్చు పుస్తకమేదీ తన చిత్తుప్రతుల్ని ఇలా పాఠకుడి ముందు పరచదు. అందుకే ఎడిటింగు పనితనం చూడాలనుకునేవాళ్లకు నేను ఈ పేజీలే చూపిస్తాను. అందులోనూ బ్రిటన్‌లోని పాత బోర్డింగు స్కూళ్ల వ్యాసాలైతే మరీ మంచిది.

ఎందుకంటే ఇవి చెడిపోవడానికి ఎన్నో దారులు. క్లాసులో కూర్చున్న కుర్రాడు 'ప్రముఖ పూర్వ విద్యార్థులు' జాబితాలో పక్కబెంచీవాడి పేరు ఎక్కిస్తాడు. యాభై ఏళ్ల కిందట చదువుకున్న పెద్దమనిషి తన హౌస్ గెలిచిన కప్పుల చిట్టా మోసుకొస్తాడు. ప్రచార విభాగం ఉద్యోగి బ్రోషర్లోని పేరాను ఉన్నదున్నట్టు అతికిస్తాడు. అక్కడ పొగడ్తతో పాటు కాపీహక్కుల తగువూ వచ్చిపడుతుంది. ఆ స్కూల్లో బాధలు పడినవాడు కోపంతో వస్తాడు. పిల్లల అల్లరిలో చాలా భాగాన్ని క్లూబాట్ ఎన్‌జీ లాంటి బాట్లు క్షణాల్లో వెనక్కి తిప్పేస్తాయి. ఒకే స్కూలు ఇంటర్నెట్ చిరునామా నుంచి అల్లరి ఆగకపోతే నిర్వాహకులు ఆ చిరునామానే కొంతకాలం నిరోధిస్తారు. ఇదంతా కాపలా పని. అసలు పనితనం పొగడ్తను సరిదిద్దే దగ్గర మొదలవుతుంది.

వార్విక్‌షైర్‌లోని రగ్బీ స్కూలునే తీసుకుందాం. బ్రోషరు ధోరణిలో ఒక వాక్యం నేనే కల్పిస్తాను: 'శతాబ్దాల ఉజ్జ్వల చరిత్ర గల రగ్బీ, ప్రపంచ ప్రఖ్యాతి పొందిన విశిష్ట విద్యాసంస్థ.' కొత్తగా దిద్దడం మొదలుపెట్టినవాడు 'విశిష్ట', 'ఉజ్జ్వల' అనే మాటలు తీసేసి ఊరుకుంటాడు. మిగిలిన వాక్యం బోసిపోతుంది. చేయి తిరిగినవాడు ఆ మాటలు తీసేసిన చోట ఏం ఉండాలో వెతుకుతాడు. స్కూలు పుట్టింది 1567లో. లండన్ కిరాణా వర్తకుడు, ఎలిజబెత్ రాణి ఇంటికి సరుకులు అందించిన లారెన్స్ షెరిఫ్, తన వీలునామాలో దానికి ఆస్తి రాశాడు. రగ్బీ, దాని పొరుగునున్న బ్రౌన్‌సోవర్ ఊళ్ల మగపిల్లలకు ఉచితంగా చదువు చెప్పాలన్నది ఆయన ఉద్దేశం. ఇంతవరకూ ఒక్క పొగడ్త లేదు, అయినా స్కూలు ఎంత పాతదో అర్థమైపోయింది. పైగా 'ఉచితంగా' అన్న మాట చదివిన కళ్లు పక్కనే సమాచారపెట్టెలో నేటి ఫీజును చూస్తాయి. ఆ రెండింటి మధ్య ఏం జరిగిందన్న ప్రశ్న పాఠకుడికి తనంతట తనకే పుడుతుంది. ఎడిటరు ఒక్క వ్యాఖ్యా చేయలేదు. ఈ ఒడుపు నాకు మహా ఇష్టం.

ఈ పనికి అసలైన పరీక్ష వెబ్ ఎల్లిస్ కథ దగ్గర. 1823లో విలియం వెబ్ ఎల్లిస్ అనే విద్యార్థి ఫుట్‌బాల్ ఆడుతూ ఉన్నట్టుండి బంతిని చేతుల్లోకి తీసుకుని పరుగెత్తాడనీ, రగ్బీ ఆట అలా పుట్టిందనీ చెబుతారు. స్కూల్లో దానికో శిలాఫలకం ఉంది. 1987లో మొదలైన రగ్బీ ప్రపంచ కప్పులో గెలిచినవాళ్లకిచ్చే కప్పుకు అతని పేరే పెట్టారు. రాతి మీదా వెండి మీదా ఎక్కిన కథను కాదనడం అంత తేలికా?

కానీ కథ ఎక్కడ మొదలైందో చూడండి. దాన్ని మొదట రాసినవాడు మాథ్యూ బ్లాక్సమ్ అనే పూర్వ విద్యార్థి, స్థానిక చరిత్ర మీద ఆసక్తి ఉన్నవాడు. రాసింది స్కూలు పత్రికలో, 1876లో. ఎల్లిస్ అప్పటికి చనిపోయి నాలుగేళ్లయింది. బ్లాక్సమ్ ఆ సంఘటనను కళ్లారా చూడలేదు, అంతకు ముందే చదువు ముగించుకుని వెళ్లిపోయాడు. మొదటి ఉత్తరంలో 1824 అన్నాడు, 1880లో మళ్లీ రాసినప్పుడు 1823కి మార్చాడు. 1895లో పూర్వ విద్యార్థుల సంఘం ఒక కమిటీ వేసి, బతికున్న పెద్దవాళ్లకు ఉత్తరాలు రాసి విచారించింది. 'టామ్ బ్రౌన్స్ స్కూల్ డేస్' నవల రాసిన థామస్ హ్యూస్ జవాబిచ్చాడు. ఆయన స్కూల్లో చేరింది 1834లో. తన రోజుల్లో ఎల్లిస్ ముచ్చటే లేదనీ, బంతి పట్టుకుని పరుగెత్తడానికి నిషేధం లేకపోయినా అది ప్రాణాల మీదికి తెచ్చుకునే పనేననీ ఆయన చెప్పాడు. కమిటీ మాత్రం చివరికి ఎల్లిస్ వైపే మొగ్గింది. ఆట నియమాలను విద్యార్థులు మొదటిసారి కాగితం మీద పెట్టుకున్నది 1845లో.

ఇన్ని ముక్కల్ని నాలుగైదు వాక్యాల్లో కూర్చాలి, అదీ ఎవరి పక్షమూ వహించకుండా. 'ఎల్లిస్ ఈ ఆటను కనిపెట్టాడు' అంటే తప్పు. 'ఇదంతా కట్టుకథ' అన్నా అంతే తప్పు. అతను బంతి పట్టుకుని పరుగెత్తలేదని చెప్పే సాక్ష్యమూ లేదు మరి. ఇక్కడ ఎడిటరు చేసే పని వాక్యానికి కర్తను మార్చడం. ఎల్లిస్ పరుగెత్తాడని కాకుండా, పరుగెత్తాడని బ్లాక్సమ్ 1876లో రాశాడని రాస్తాడు. ఆ ఒక్క మార్పుతో వాక్యంలో ప్రతి మాటా నిజమైపోతుంది. క్రియాపదం విషయంలోనూ జాగ్రత్త కావాలి. 'రాశాడు' సరిపోతుంది. 'బుకాయించాడు' అంటే ఎడిటరు న్యాయమూర్తి కుర్చీ ఎక్కినట్టు. 'వెల్లడించాడు' అంటే కథ నిజమని ఒప్పేసుకున్నట్టు. ఎల్లిస్ చనిపోయిన ఏడాదినీ బ్లాక్సమ్ రాసిన ఏడాదినీ దగ్గరదగ్గరగా పెడితే, అనుమానించే పని పాఠకుడే చూసుకుంటాడు. ఇందులో ఎడిటరు సొంత సిద్ధాంతానికి చోటు లేదు. వికీపీడియా సొంత పరిశోధనను ఒప్పుకోదు. ప్రతి ముక్కకీ అచ్చులో ఉన్న ఆధారం చూపాలి. ఇంత కట్టడిలోనూ నడక తప్పని పేరా కనబడితే నేను ఆగి మళ్లీ చదువుకుంటాను.

థామస్ ఆర్నల్డ్ దగ్గర ఇంత చిక్కు లేదు. 1828 నుంచి 1842 దాకా హెడ్‌మాస్టరు. పెద్ద విద్యార్థుల చేత చిన్నవాళ్లను అదుపులో పెట్టించే పద్ధతి ఆయనకు ముందే ఉంది, ఆయన దాన్ని పటిష్ఠం చేశాడు. 'కనిపెట్టాడు' అన్న మాట కొట్టేసి 'విస్తరించాడు' అని పెడితే సగం పని అయినట్టే. హ్యూస్ 1857 నవలలో ఆయన్ని దాదాపు దేవుణ్ని చేశాడు, రచయిత లిటన్ స్ట్రేచీ 1918లో ఎద్దేవా చేశాడు. ఒలింపిక్స్‌కు మళ్లీ ప్రాణం పోసిన పియర్ ద కూబెర్తాఁ ఆయనకు భక్తుడు. ముగ్గురికీ తలా ఒక వాక్యం చాలు.

పూర్వ విద్యార్థుల జాబితాలో ఎడిటరు రుచి బయటపడుతుంది. నియమం తేలికే: ఆ మనిషి మీద విడిగా వ్యాసం ఉండాలి, అక్కడ చదివినట్టు ఆధారం ఉండాలి. జాబితా పొడుగైతే దాన్ని వేరే పేజీకి పంపాలి. మామూలు చేయి లూయిస్ కరోల్, రూపర్ట్ బ్రూక్, నెవిల్ చాంబర్లేన్, సల్మాన్ రష్దీ అని పేర్లు గుచ్చి వదిలేస్తుంది. కానీ ఏ ప్రలోభం చూపినా రగ్బీలో గడిపిన మూడేళ్లను మళ్లీ అనుభవించనని కరోల్ తర్వాతి కాలంలో రాసుకున్నాడు. అక్కడ జాతివివక్ష ఎదురైందని రష్దీ చెప్పాడు. స్కూలు గర్వంగా చెప్పుకునే పేర్లే దాని మీద ఫిర్యాదులు కూడా. మంచి ఎడిటరు రెండు విషయాలనూ ఒకే చోట ఉంచుతాడు. రష్దీ బతికున్న మనిషి కాబట్టి ఆయన మాటకు గట్టి ఆధారం లేకుండా ఒక్క అక్షరం కూడా నిలవనివ్వడు.

తూకం మరీ కష్టమయ్యేది వివాదాల దగ్గర. ఫీజుల వివరాలను ముందుగానే ఒకరికొకరు చెప్పుకున్నందుకు 2006లో బ్రిటన్ పోటీ నియంత్రణ సంస్థ యాభై స్కూళ్లను తప్పుపట్టింది. వాటిలో రగ్బీ ఒకటి. ఒక్కో స్కూలుకు పది వేల పౌండ్ల నామమాత్రపు జరిమానా పడింది. ఫీజుల వివరాలు పంచుకున్న కాలంలో చదివిన పిల్లల కోసం అందరూ కలిసి ముప్పై లక్షల పౌండ్ల నిధి పెట్టారు. ఒకే పేరాను యాభై వ్యాసాల్లో అతికించడం ఎవరైనా చేయగలరు. దాన్ని పూర్తిగా తుడిచేయాలని పూర్వ విద్యార్థి వస్తాడు, దాని కోసం ప్రత్యేక శీర్షిక కావాలని ఇంకొకరు పట్టుబడతారు. దాదాపు నాలుగున్నర శతాబ్దాల కథలో దీనికి రెండు వాక్యాలు ఇవ్వాలా, రెండు పేరాలా? నా లెక్కలో రెండు వాక్యాలే, కాకపోతే జరిమానా అంకెతో సహా. అంకె తీసేస్తే తప్పు పెద్దదో చిన్నదో పాఠకుడికి అంతుపట్టదు.

ఇలాంటివి తేలేది చర్చ పేజీలో. ఒకే పేజీలో ఇరవై నాలుగు గంటల్లో మూడుసార్లకు మించి ఎదుటివాళ్ల మార్పును తిప్పికొట్టకూడదన్న నియమం ఉంది కాబట్టి, వాదన అక్కడికి చేరక తప్పదు. స్కూలుతో సంబంధం ఉన్నవాళ్లు ఆ సంగతి చెప్పుకుని, తాము దిద్దకుండా మార్పు కోరడం మర్యాద. (2003లో మొదలైన తెలుగు వికీపీడియాలో సముదాయమంతా మాట్లాడుకునే చోటుకి 'రచ్చబండ' అని పేరు పెట్టారు. పెట్టినవాళ్లకు నా దండం.)

ఇక 'ఇటీవల', 'ప్రస్తుతం' అనే మాటల వేట. రాసిన రోజున నిజమైన వాక్యాన్ని ఇవి పదేళ్లలో అబద్ధం చేస్తాయి. 'ఇటీవల అమ్మాయిలను కూడా చేర్చుకుంటోంది' అన్నది అలాంటిదే. దాన్ని తీసేసి, 1975లో పై తరగతుల్లో అమ్మాయిలు చేరారనీ, పదమూడేళ్ల అమ్మాయిలను 1992 నుంచి తీసుకుంటున్నారనీ రాస్తే చాలు. చరిత్ర పేజీలో ఇది ఆకుపచ్చలో ఓ చిన్న అంకెగా కనబడుతుంది. పక్కన కారణం రాసే గడిలో 'తేదీలు ఇచ్చాను' అని ఉంటుంది. తర్వాత వచ్చిన ఎడిటరు దాని జోలికి పోకుండా కింది పేరాలోని 'ప్రస్తుతం' పని పడతాడు.