అలికిన చేయి, కట్టించిన పేరు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు ఏ ఊళ్లోనైనా కొత్త ఇంటి ముందు నిలబడి 'ఇది ఎవరి ఇల్లు?' అని అడిగితే దాదాపు ఒకే తీరు జవాబు వస్తుంది. ఫలానా ఆయన కట్టిచ్చిండు. ఆయన దుబాయిలోనో మస్కట్‌లోనో ఉండొచ్చు. పునాది తవ్విన రోజూ స్లాబు పడిన రోజూ ఊళ్లో లేకపోయి ఉండొచ్చు. అయినా కట్టిచ్చింది ఆయనే. అదే ఇంట్లోని ఆడమనిషి గురించి చెప్పాల్సి వస్తే క్రియలు మారిపోతాయి: అలికింది, పూసింది, ఊడ్చింది, సదిరింది. ఆయన క్రియ ఒకసారి జరిగి నిలిచిపోయేది. ఆమె క్రియ పొద్దుగూకేసరికి చెరిగిపోయి తెల్లారి మళ్లీ మొదలయ్యేది. 'ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు' అని సామెత సవాలు విసిరేది కూడా ఇంటి యజమానికే. 'ఇల్లు అలికి చూడు' అని ఎవరూ ఎవరినీ సవాలు చేయలేదు.

ఇప్పుడు ఈ వ్యాకరణం మారిపోయిందని ఒక ప్రచారం నడుస్తోంది. రంగుల కంపెనీల ప్రకటనల్లో భార్యాభర్తలిద్దరూ ముక్కుకు రంగంటించుకుని నవ్వుతూ గోడకు రోలరు ఆడిస్తారు. ఫోన్లలో వచ్చే వీడియోల్లో ఆయన డ్రిల్లింగ్ మిషను పట్టుకుంటాడు, ఆమె తెర గుడ్డ రంగు చూస్తుంది. మేస్త్రీ లేకుండా, కూలి లేకుండా మన ఇల్లు మనమే బాగుచేసుకుందాం, ఇద్దరం కలిసి చేసుకుందాం అంటారు. వినడానికి ఇంత సమానత్వం ఇంకెక్కడుంటుందనిపిస్తుంది. అందుకే ఈ 'ఇద్దరం కలిసి' అనే మాటను కాస్త నిలబెట్టి ప్రశ్నించాలి.

ఈ ముచ్చట పుట్టింది మన దగ్గర కాదు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికాలో సొంత ఇళ్లు పెరిగి, పనివాళ్ల కూలి ఖరీదైన రోజుల్లో ఇది ఒక జాతీయ వ్యాపకమైంది. 1954 ఆగస్టులో టైమ్ పత్రిక దీన్ని ముఖచిత్రం చేసింది. స్టీవెన్ గెల్బర్ అనే చరిత్రకారుడు 1997లో రాసిన వ్యాసంలో దీని లోగుట్టు విప్పాడు. ఆఫీసు ఉద్యోగాల్లో చేతిపనికి దూరమైన మగవాడికి, ఇంట్లో ఉంటూనే మగతనం చెక్కుచెదరకుండా చేసుకోగల పని దొరికిందంటాడు. సుత్తి, రంపం, గ్యారేజీ ఆయనవి. వంటగది, చంటిపిల్ల ఎప్పటిలాగే ఆమెవి. ఆర్లీ హోక్‌షీల్డ్ 1989 నాటి 'సెకండ్ షిఫ్ట్' పుస్తకంలో ఇంకో సంగతి చెప్పింది. మగవాళ్లు చేసే ఇంటిపని ఎక్కువగా వాయిదా వేయగలిగేది, ఆడవాళ్లు చేసేది గడియారానికి కట్టేసి ఉండేది. ఊగుతున్న అలమార తలుపు వచ్చే ఆదివారం దాకా ఆగుతుంది. పొయ్యి మీది అన్నం ఆగదు.

మన దగ్గర సొంత చేతులతో ఇల్లు బాగుచేసుకోవడం ఎప్పుడూ సరదా పని కాదు, లేమి పని. గూన పెంకల ఇళ్లలో వానలకు ముందు పైకెక్కి పగిలిన పెంకలు మార్చేది మగవాడు. ఏడాదికి ఒకసారి. ఎర్రమట్టి తెచ్చి, పెండ కలిపి నేల అలికేది, గోడ పగుళ్లు పూడ్చేది, పండుగకు సున్నమేసి అంచులకు జాజు పూసేది, తెల్లవారకముందే వాకిట్లో సాన్పి చల్లేది ఆడది. ఇల్లు నిలబడటానికి రెండూ కావాలి. మట్టి గోడకు పూత లేకపోతే ఒక్క వానాకాలం చాలు. అయినా పెంకలు మార్చడాన్ని మరమ్మతు అన్నాం, అలకడాన్ని శుభ్రత అన్నాం. ఏ మట్టికి ఎంత పెండ కలపాలి, ఏ గోడ ఎంత తడి పీలుస్తుంది, పూత ఎంత మందంగా ఉంటే పగలదు అన్నది లెక్క తెలిసిన పనే. ఆ లెక్క ఆడవాళ్ల చేతుల్లో ఉండబట్టి దానికి విద్య అనే పేరు రాలేదు.

ఇది ఊరి మాటల్లోని పక్షపాతం మాత్రమే అనుకుంటే పొరపాటు. దేశాల ఆదాయాన్ని లెక్కగట్టే అంతర్జాతీయ పద్ధతి కూడా ఇదే వ్యాకరణంలో నడుస్తోంది. సొంతానికి ఇల్లు కట్టుకుంటే అది ఉత్పత్తి, జాతీయాదాయంలో చేరుతుంది. ఉన్న ఇంటికి చిన్నా చితకా మరమ్మతు చేసుకుని, శుభ్రం చేసుకుంటే అది చేరదు. మన జాతీయ సమయ వినియోగ సర్వే కూడా అలాంటి పనుల్ని జీతం లేని ఇంటిపనుల పద్దులోనే వేస్తుంది. 2024 సర్వే ప్రకారం ఆ పద్దులోని పనులు చేసే ఆడవాళ్లు రోజుకు 289 నిమిషాలు వెచ్చిస్తే, చేసే మగవాళ్లు 88 నిమిషాలు వెచ్చించారు. 'కట్టిచ్చిండు', 'అలికింది' అనే రెండు క్రియల మధ్య తేడా ఇక్కడ గణాంకమై కూర్చుంది.

తెలుగు స్త్రీవాద సాహిత్యం ఈ సంగతిని తొందరగానే పట్టుకుంది. పి. సత్యవతి 'ఇల్లలకగానే...' కథలో చదువుకున్న అమ్మాయి పెళ్లయి వచ్చాక ఇల్లు నీదేనన్న మాట నమ్మి, అలికీ అలికీ, ముగ్గులు పెట్టీ పెట్టీ ఒకరోజు తన పేరే మరిచిపోతుంది. ఇంట్లో ఎవరికీ ఆ పేరు అవసరం లేదు. చివరికి పాత స్నేహితురాలు శారదా అని పిలిస్తే గాని ఆమె ఆమెకు దొరకదు. ఇల్లలకగానే పండుగ కాదన్న సామెతను తిరగేసి ఇంత పదునుగా వాడిన కథ మనకు ఇంకొకటి లేదు. విమల 'వంటిల్లు' కవిత ఇంకో అడుగు ముందుకేసి వంటిళ్లనే కూల్చేద్దామంది. ఈ రెండూ చదివి ఎందరం ఊపిరి పీల్చుకున్నామో మనకు తెలుసు.

అయితే ఈ రచనల్ని జగిత్యాల, సిరిసిల్ల నేల మీద పెట్టి చదివితే కొన్ని ప్రశ్నలు లేస్తాయి. అవి రచనల తప్పులు కావు, మన పఠనం వదిలేసిన ఖాళీలు. శారదకు 'ఇల్లు నీదే' అని చెప్పిన వాళ్లున్నారు. ఇక్కడ ఆ అబద్ధం కూడా చెప్పించుకోని ఆడవాళ్లున్నారు. దొరల గడీలు ఊడ్చి, సాన్పి చల్లి, అలికిన వెట్టి ఆడవాళ్ల చేతుల్ని మనం ఏ కథలో చూశాం? తన ఇల్లు అలకడానికి పొద్దుండదు, ఎందుకంటే పొద్దంతా గడీ అలకాలి. 1978 సెప్టెంబరు 7న జగిత్యాల జైత్రయాత్రకు కదిలిన ఊళ్లలో వెట్టి రద్దు కావాలన్నది పెద్ద కోరిక. అదే ఏడాది అక్టోబరులో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. భూమి, కూలి, పాలేర్ల జీతాలు ఆ పోరాట చరిత్రలో వివరంగా ఉన్నాయి. గడీ అలకడం మానేసిన రోజు ఆడవాళ్లకు ఎలా ఉండిందో మాత్రం వెతుక్కోవాలి. అలకడం ఒకరికి పేరు పోగొట్టే పని, ఇంకొకరికి కులం మోపిన పని. రెండింటినీ ఒకే ప్రతీక కింద కట్టేయలేం.

సిరిసిల్లలో ఇల్లు అనే మాటకే అర్థం వేరు. మరమగ్గాల్ని ఇక్కడ సాంచాలంటారు. ఇంట్లోనో ఇంటినానుకున్న రేకుల షెడ్డులోనో సాంచాలు నడిచే కుటుంబాల్లో, నాలుగు పైసలు చేతికొస్తే ముందు బాగుపడేది సాంచాల జాగ. నేల గట్టిపడుతుంది, కరెంటు వైరు మారుతుంది, కప్పు ఎత్తవుతుంది. పొయ్యి మూలకు జరుగుతుంది. ఇద్దరూ కలిసే చేస్తారు. ఆయన సాంచాల దగ్గర, ఆమె కండెలు చుడుతూ. ఇంటి మీద పెట్టుబడి పెట్టాలన్న నిర్ణయమూ ఇద్దరిదే అంటారు. కానీ ఆ బాగులో ఆమె వంట జాగ, స్నానాల జాగ ఎన్నో వరుసలో ఉందో చూడండి. వంటిల్లు కూల్చేద్దామన్న పిలుపు ఇక్కడి ఆమెకు ఎలా వినిపిస్తుంది? కూల్చడానికైనా ఒక వంటిల్లు ఉండాలి కదా. 2000ల మొదట్లో అప్పుల పాలై సిరిసిల్ల నేతన్నలు ఆత్మహత్యలు చేసుకున్నప్పుడు, ఆ సాంచాలూ అప్పులూ ఇంట్లోనే ఉన్నాయి, ఇంట్లో మిగిలింది ఆడవాళ్లు.

కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల ఇళ్లలో చేట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టే ఆడవాళ్లది మరో లెక్క. నేలకు సిమెంటు, కిటికీకి తలుపు, వాకిట్లో రేకుల నీడ, బయట బాత్రూం. ఇవన్నీ ఒక్కసారి రావు. సంఘంలో తీసుకున్న అప్పుతోనో చిట్టీ పైసలతోనో ఒక్కో ఏడాది ఒక్కొక్కటి వస్తాయి. వీటిని ఇంటి సౌకర్యాలంటాం. కానీ ఆమె ఆ నేల మీదే కూర్చుని కంపెనీకి బీడీలు చుడుతోంది. ఆ కిటికీ వెలుతురులోనే ఆకు కత్తిరిస్తోంది. తంబాకు దుమ్ము ఆ గదిలోనే తిరుగుతోంది. 1966 బీడీ కార్మికుల చట్టం ఇంట్లో చుట్టేవాళ్లను కూడా కార్మికులుగానే గుర్తించింది. అలాంటప్పుడు ఆ సిమెంటు నేల ఫ్యాక్టరీ నేల కాదా? కంపెనీ కట్టాల్సిన పని జాగను ఆమె తన కూలితో కట్టుకుంటోంది. దాన్ని మనం భార్యాభర్తల ముచ్చటగా, సంసారం మీది ప్రేమగా చదువుతున్నాం. ఇంటి బాగు అనే మాట ఇక్కడ కంపెనీ ఖర్చును దాచే పరదా.

ఇక గల్ఫ్ ఇల్లు. ఈ ప్రాంతం నుంచి 1970ల నుంచీ మగవాళ్లు ఎడారి దేశాలకు పోతూనే ఉన్నారు. అక్కడ ఆయన ఇంకొకరి భవనాలకు సెంట్రింగ్ కొడతాడు, ఇక్కడ ఆమె సొంత ఇంటిని నిలబెడుతుంది. సుతారి మేస్త్రీతో బేరం, ఇసుక ట్రాక్టర్ల లెక్క, సిమెంటు బస్తాల కాపలా, సలాక తూకం, గోడలకు పొద్దూమాపూ నీళ్లు కొట్టడం, స్లాబు రోజు కూలీలందరికీ వంట. ఫోన్లో ఆయనకు గోడ గోడా చూపించడం కూడా ఆమె పనే. ఆయన చెమటను తక్కువ చేసే మాట కాదిది. ఇద్దరూ రెండు దేశాల్లో ఉండి కలిసి కట్టిన ఇల్లది. అయినా గల్ఫ్ మీద వచ్చిన మన పాటల్లో, కథల్లో ఎక్కువగా ఎడారిలో ఎండిన మగవాడు కనిపిస్తాడు, ఇక్కడ ఎదురుచూసే భార్య కనిపిస్తుంది. ఎదురుచూపు ఒక్కటే ఆమె పనైనట్టు. ఆమె చేసింది సైట్ ఇంజనీరు పని. పట్నంలో దానికి జీతం ఇస్తారు. పైగా జాగ అత్తమామల పేరు మీద ఉండి ఆయనకేమన్నా అయితే, ఆ గోడల్లో తన వాటా రుజువు చేసుకోవడానికి ఆమె దగ్గర ఏ కాగితమూ ఉండదు.

కాగితం మారితే చాలా మారుతుందన్నది నిజమే. 2024 మార్చిలో మొదలైన ఇందిరమ్మ ఇళ్ల పథకంలో అయిదు లక్షల సాయం ఇంటి ఆడవాళ్ల పేరు మీద ఇస్తున్నారు. ఇది చిన్న విషయం కాదు. కానీ పట్టా ఆమె పేరు మీద ఉన్నంత మాత్రాన పొయ్యి ఎక్కడుండాలి, మరుగుదొడ్డికి తలుపు ఎటు తిరగాలి అన్నది ఆమె మాటే అవుతుందా? ఆ ఇళ్లు కట్టే అడ్డా కూలీల్లో ఎంతోమంది ఆడవాళ్లే. ఇటుకలు మోస్తారు, మాలు అందిస్తారు. అయినా ఆడ సుతారి అరుదు. తాపీ ఎప్పుడూ మగచేతిలోనే. వందల ఏళ్లు మట్టి గోడకు పూత పూసిన చేతులకు సిమెంటు పూత రాదంటే ఎట్లా నమ్మాలి? మట్టి పోయి సిమెంటు రాగానే పూత కూలి దొరికే పనైంది, కూలి దొరకగానే మగపని అయింది. సిమెంటు నేల ఆడవాళ్ల నడుముకు విశ్రాంతినిచ్చింది, దాన్ని కాదనలేం. మట్టిల్లు అందమని పట్నంలో కూర్చుని తెగ మెచ్చుకునేవాళ్లు వారానికోసారి అలికి చూడాలి. నా ప్రశ్న మట్టి కోసం కాదు. ఆ మార్పులో ఆమె విద్య ఆమె చేతిలోనుంచి ఎట్లా జారిపోయిందన్నదే.

కాబట్టి భార్యాభర్తలు కలిసి ఇల్లు చక్కబెట్టుకునే కథ, కవిత, సినిమా ఏది ఎదురైనా మనం కొన్ని మొండి ప్రశ్నలు వేయాలి. ఎవరి పని ఒకసారి అయిపోతుంది, ఎవరిది రోజూ మిగులుతుంది? పనిముట్టు ఎవరి చేతిలో ఉంది? బాగుపడింది మొదట ఎవరి జాగ? ఆ బాగు ఎవరి వ్యాపారానికి పనికొచ్చింది? కాగితం మీద ఎవరి పేరుంది? వీటికి జవాబులు చెప్పలేని 'ఇద్దరం కలిసి' గోడ మీది రంగు లాంటిదే.

శారద తన పేరు వెతుక్కుంది, దొరికింది. సిరిసిల్లలో, కోరుట్లలో ఆడవాళ్లకు పేర్లు గుర్తున్నాయి. బీడీ కార్డు మీద, సంఘం పుస్తకంలో, ఫోన్లో ఆ పేర్లు ఉన్నాయి. లేనిది వాళ్లు చేసిన పనికి పేరు. ఈ ప్రాంతం నుంచి ఇప్పుడు రాస్తున్న ఆడవాళ్లు తమ తల్లుల ఇళ్లు ఎట్లా లేచాయో గోడగోడా రాస్తే, అందులో ఎన్ని బస్తాలు, ఎన్ని చిట్టీలు, ఎన్ని రాత్రుల బీడీలు ఉన్నాయో కూడా రాస్తే, అది మన సాహిత్యానికి కొత్త వస్తువే కాదు, రేపు ఆస్తి పంచాయితీలో పనికొచ్చే సాక్ష్యం కూడా.