రాత్రి బండి ఎక్కడ పెడతారు?

విజయవాడ ఆటోనగర్‌ని మెచ్చుకునేవాళ్లు ముందుగా దాని విస్తీర్ణం గురించే చెబుతారు. 1960లలో మొదలైన ఈ జవహర్ ఆటోనగర్‌లోకి వట్టి ఛాసిస్‌గా వచ్చిన లారీ క్యాబిన్, తొట్టి, సీట్లు, రంగులు, వెనక రాతలతో సహా ముస్తాబై రోడ్డెక్కుతుంది. కమాన్ కట్టలు, లేత్ పని, రేడియేటర్లు, డీజిల్ పంపులు, వేటికి వాటికే మనుషులున్నారు. నాకు మాత్రం అక్కడి ఒక చిన్న షెడ్డులో జరిగే పని గురించి రాయాలని ఉంది. బండిలో తప్పు ఎక్కడుందో కనిపెట్టే పని అది. సామాను మార్చడం కంటే అది చాలా పెద్ద విద్య అని నా నమ్మకం.

మా ఇల్లు గుణదలలో, కొండ వాలు మీద. మా డీజిల్ ఎస్‌యూవీ చాలాకాలం ఒకే రకంగా సతాయించింది. పొద్దున్నే సెల్ఫ్ కొడితే ఇంజన్ తిరుగుతుంది గాని అందుకోదు. బ్యాటరీ నీరసించేదాకా కొట్టాక తెల్లపొగ వదిలి స్టార్టవుతుంది. ఆ తర్వాత సాయంత్రం దాకా ఏ ఇబ్బందీ ఉండదు. ఎప్పుడో హైవే మీద లారీని దాటబోయే సమయానికి ఇంజన్ దీపం వెలిగి, పికప్ పడిపోతుంది. స్కానర్ పెట్టిన ప్రతిచోటా ఒకే కోడ్: రైల్ ప్రెషర్ తక్కువ. ఒకచోట సెన్సర్ మార్చారు. ఇంకోచోట ఫిల్టర్ మార్చారు. చివరికి హై ప్రెషర్ పంపే పోయిందన్నారు.

డీజిల్ ఇంజన్‌కి స్పార్క్ ప్లగ్ ఉండదు. సిలిండర్‌లోని గాలిని పదహారు, పదిహేడో వంతుకు కుదించి నొక్కితే పుట్టే వేడికే ఇంధనం అంటుకుంటుంది. 1890లలో రుడాల్ఫ్ డీజిల్ కట్టిన లెక్క ఇప్పటికీ అదే. మారినదల్లా ఇంధనాన్ని లోపలికి కొట్టే తీరు. 1990ల చివర్లో కార్లలోకి వచ్చిన కామన్ రైల్ పద్ధతిలో పంపు డీజిల్‌ని ఒకే గొట్టంలోకి నొక్కి ఉంచుతుంది, కంప్యూటర్ చెప్పిన క్షణాన ఇంజెక్టర్ తెరుచుకుంటుంది. బండి నిలకడగా ఆడుతున్నప్పుడు ఆ గొట్టంలో సుమారు 300 బార్, పూర్తి బరువు మీద 1,600 బార్, ఇంకా పైన కూడా ఉంటుంది. సెల్ఫ్ కొట్టినప్పుడు దాదాపు 200 బార్ చేరితే తప్ప చాలా బండ్లలో కంప్యూటర్ ఇంజెక్టర్లకు అనుమతే ఇవ్వదు. కాబట్టి ‘ప్రెషర్ తక్కువ’ అన్న కోడ్ జరిగిన సంగతి చెబుతుంది, ఎందుకు జరిగిందో చెప్పదు. పంపు అరిగి ఉండొచ్చు, ఇంజెక్టర్లు వెనక్కి వదిలేస్తుండొచ్చు, రెగ్యులేటర్ వాల్వు మూసుకోకపోయి ఉండొచ్చు, డీజిల్లో గాలి కలుస్తుండొచ్చు.

ఆ తర్వాతే బండిని ఆటోనగర్‌లోని ఆ షెడ్డుకు తీసుకెళ్లాను. అక్కడి మేస్త్రి కోడ్ చూసి తలూపి స్కానర్ పక్కన పెట్టేశాడు. “రాత్రి బండి ఎక్కడ పెడతారండీ?” అన్నాడు. ఇంటి ముందు, వాలు మీద అన్నాను. “మూతి పైకా, కిందికా?” పైకే. “చదునుగా ఉన్నచోట పెట్టినప్పుడు కూడా ఇంతేనా?” ఆలోచిస్తే, అత్తగారి ఊరు ఉయ్యూరులో రాత్రి ఉన్నప్పుడెప్పుడూ బండి మొండికేయలేదు. అతను నవ్వాడు. ఇంకా పానా ముట్టుకోలేదు, అప్పటికే సగం పని అయిపోయింది.

మిగతా సగం చూసి తీరవలసిందే. ముందు గొట్టాల కీళ్ల చుట్టూ కుంచెతో డీజిల్ రాసి మట్టి కడిగాడు, గాలి కొట్టి ఆరబెట్టాడు. ఫిల్టర్ నుంచి పంపుకు వెళ్లే గొట్టం విప్పి, ఆ జాగాలో లోపల పారేది కనిపించే ప్లాస్టిక్ గొట్టం బిగించాడు. విప్పిన ప్రతి మూతికీ వెంటనే శుభ్రమైన బిరడా పెట్టాడు. ఇంజెక్టర్ లోపలి భాగాల మధ్య సందు మైక్రాన్లలో ఉంటుంది, మన తల వెంట్రుక మందమే డెబ్బై మైక్రాన్ల దాకా. ఒక్క ఇసుక రేణువు చాలు, బాగున్న ఇంజెక్టర్ పాడైపోవడానికి. ఈ శుభ్రత ఎవరికీ కనిపించదు, దానికి బిల్లూ ఉండదు. నాకు అతని మీద గౌరవం కలిగింది మొదట అక్కడే.

ఇంజన్ ఆడుతుంటే ఆ గొట్టంలో సన్నని బుడగలు వరసగా పోతూ కనిపించాయి. ఇక ఆ గాలి ఎక్కడినుంచి వస్తోందన్నదే ప్రశ్న. అతను ట్యాంకుతో సంబంధం తప్పించి, విడిగా ఒక డబ్బాలో డీజిల్ పోసి పంపుకు నేరుగా ఇచ్చాడు. బుడగలు పోయాయి. పోయిందని తేల్చిన పంపు ఆ క్షణంలో నిర్దోషి అయింది. అయినా నాలుగు ఇంజెక్టర్ల రిటర్న్ గొట్టాలకూ ఒకే కొలత సీసాలు తగిలించి కాసేపు ఆడించి చూశాడు. నాలుగింటిలోనూ డీజిల్ దాదాపు సమంగా నిలిచింది. ఏ ఒక్కటి ఎక్కువ నిండినా ఆ ఇంజెక్టర్ అరిగినట్టు. ఆ తర్వాత ట్యాంకు వైపునుంచి ఒక్కో ముక్కా మళ్లీ కలుపుతూ వచ్చాడు. ఫిల్టర్ మూత దగ్గరి క్లిప్పు తగిలించగానే బుడగలు మొదలయ్యాయి. ఆ క్లిప్పు లోపలి ఓ-రింగు ఎండి గట్టిపడిపోయింది.

మా బండిలో ట్యాంకు నుంచి పంపు దాకా ఉన్న దారిలో డీజిల్‌ని తోసేవారు లేరు, పంపే పీల్చుకుంటుంది. పీల్చే దారిలో చిల్లి పడితే డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. అందుకే కింద ఒక్క చుక్క మరక కూడా కనపడలేదు. రాత్రి బండి మూతి పైకి ఉంటే వెనకున్న ట్యాంకు కిందికవుతుంది. గాలి దొరికిన డీజిల్ మెల్లగా ట్యాంకులోకి జారిపోతుంది. పొద్దున పంపు ఖాళీ గొట్టాన్ని పీలుస్తుంది. ఉయ్యూరులో నేల చదును. కొత్త ఓ-రింగుకు కాస్త డీజిల్ రాసి, మెలి పడకుండా వేలితో కూర్చోబెట్టాడు. పంపు ఖర్చు ముందు ఆ రబ్బరు ముక్క ధర చెప్పడానికే నాకు మొహమాటం.

పక్క బేలో హెడ్ దించిన ఇంజన్ ఒకటుంది. అక్కడ అతని కొలతలు చూడాలి. హెడ్ మీద అడ్డంగా, నిలువుగా, మూలనుంచి మూలకూ ఉక్కు బద్ద పెట్టి, కింద ఫీలర్ గేజి దూరుతుందేమో చూశాడు. పిస్టన్ బ్లాకు మట్టం కంటే ఎంత పైకొస్తోందో డయల్ గేజితో ఒక్కొక్కటీ కొలిచి సుద్దతో రాసుకున్నాడు. ఆ కొలతను బట్టే హెడ్ ప్యాకింగ్ మందం ఎంచుకోవాలి, ఏది ఎంత మందమో దాని అంచున గాట్లు చెబుతాయి. బోల్టులు మధ్యనుంచి బయటికి, విడతలవారీగా బిగించాలి. తొందరపడి పాత మందమే వేసేస్తే కంప్రెషన్ మారిపోతుంది, లేదంటే పిస్టన్ వాల్వులకు తగిలే ప్రమాదం.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు పొంగి ఊళ్లోని సింగ్ నగర్‌నీ పాయకాపురాన్నీ ముంచినప్పుడు ఇలాంటి మేస్త్రులు ఫోన్‌లో చెప్పిన మొదటి మాట “సెల్ఫ్ కొట్టొద్దు” అనే. గాలి నలుగుతుంది, నీళ్లు నలగవు. సిలిండర్‌లో నీళ్లుండగా ఇంజన్ తిప్పితే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. గ్లో ప్లగ్గులు తీసి, పానాతో చేత్తో ఇంజన్ తిప్పి నీళ్లు బయటికి పంపాలి. ఆ మాట విన్నవాళ్ల ఇంజన్లు చాలావరకు దక్కాయి.

2020 ఏప్రిల్‌లో బీఎస్ 6 కాలుష్య నిబంధనలు వచ్చాక కొత్త తలనొప్పి పొగ గొట్టంలోని ఫిల్టర్. అందులో చేరిన మసి కాలాలంటే దాదాపు 600 డిగ్రీల వేడి కావాలి. గుణదల నుంచి బీసెంట్ రోడ్డుకీ, వన్ టౌన్‌కీ తిరిగే బండికి అంత వేడి ఎక్కదు. ఫిల్టర్ కోసి పారేయమని అడిగే ఓనర్లున్నారు. మా మేస్త్రి ఒప్పుకోడు. అతను రాసిచ్చే చీటీ వేరు: అప్పుడప్పుడు రామవరప్పాడు దగ్గర హైవే ఎక్కి, గన్నవరం దాటి హనుమాన్ జంక్షన్ దాకా ఒకే వేగంతో వెళ్లి రండి, మధ్యలో ఇంజన్ ఆపకండి.